మాధవాయిపాలెం గుడ్డ – నరసాపురం లేసు

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలవడానికి కొద్ది కిలోమీటర్ల ఎగువన, కుడిగట్టు మీద వున్నది నరసాపురం. 2011 జనాభా లెక్కల ప్రకారం 60 వేలకు లోపు జనం వున్న చిన్న పట్టణం. రైలుదారి ఇక్కడితో ఆగిపోతుంది. అవతలి గట్టున సఖినేటిపల్లి. అక్కడినుంచి కిందికి పోతే అంతర్వేది, ఆపైన సముద్రం. నది దాటడానికి పంటు ఎక్కే రేవుకు మాధవాయిపాలెం రేవని పేరు. అంతర్వేది తీర్థానికి పోయే భక్తులూ, సంతకు పోయే రైతులూ ఆ పేరును ఒక రేవు పేరుగానే ఎరుగుదురు.

కాని ఆ పేరు గోదావరి గట్టు దాటి చాలా దూరం పోయింది. ఇంగ్లీషువారి నోట అది 'మడపొల్లం' అయింది. ఒక రకం తెల్లని నూలుగుడ్డకు పేరయింది. ఫ్రెంచి, స్పానిషు, పోర్చుగీసు నిఘంటువులలో కొద్దిపాటి మార్పులతో నేటికీ అది గుడ్డ పేరుగా నిలిచివున్నది. ఏ ఊరి మగ్గాల మీద ఆ గుడ్డ పుట్టిందో ఆ ఊళ్ళో మాత్రం దానిని తలచుకునేవారు అరుదు. ప్రపంచం పేరును గుర్తుంచుకుని, ఆ పేరు తెచ్చిన చేతులను ఎందుకు మరచింది? నరసాపురం చరిత్రను గురించి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. అది గతించినవారిని గురించిన ప్రశ్న మాత్రమే కాదు. ఈనాడు అదే ఊళ్ళో, అదే విధంగా, మరొక సరుకును ప్రపంచానికి తయారుచేసి ఇస్తున్న స్త్రీలను గురించిన ప్రశ్న కూడా.

మన ఊళ్ళ చరిత్రలు సాధారణంగా రెండు మూసలలో పోసినవి. ఒకటి స్థలపురాణం, ఏ ఋషి తపస్సు చేశాడో, ఏ దేవుడు వెలిశాడో చెబుతుంది. రెండవది పాలకుల పట్టిక. ఎవరి తరువాత ఎవరు వచ్చారో చెబుతుంది. ఈ రెండింటిలోనూ లేనిది ఆ ఊళ్ళో జనం ఏ పనిచేసి బ్రతికారు, ఆ పని ఫలితం ఎవరికి పోయింది అన్న సంగతి. ఒక నదీతీర పట్టణాన్ని గురించి ఆ సంగతి తేల్చుకోవాలంటే ముందుగా నదినే చూడాలి.

గోదావరి ధవళేశ్వరం దగ్గర రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠ మొగలో సముద్రపు పోటు నది లోపలికి ఎక్కివస్తుంది. ఆ పోటుమీద ఓడలు లోపలికి రాగలవు. తుఫాను గాలికి చాటుగా నిలబడగలవు. ఎగువనుంచి వరదనీటిమీద అడవికలప తెప్పలుగా దిగివస్తుంది. చుట్టూ వరిపొలాలు. నేసిన గుడ్డను చలవచేయడానికి మంచినీరు పుష్కలం. లేనిది పత్తి ఒక్కటే. దానిని దక్కను పీఠభూమినుంచి లంబాడీలు ఎద్దుల మీద పెరికెలలో వేసుకుని దించేవారు. తిరుగు ప్రయాణంలో తీరపు ఉప్పును ఎక్కించుకుపోయేవారు. సముద్రం, నది, అడవి, పొలం, ఎద్దులబాట – ఇన్ని కలిసినచోట నరసాపురం ఏర్పడింది. నది ఇచ్చింది అవకాశాన్ని మాత్రమే. ఆ అవకాశాన్ని సంపదగా మార్చినది మనుషుల చేతిపని.

ఆ చేతిపని ముందుగా ఓడల నిర్మాణంలో కనిపిస్తుంది. 1669 – 1679 మధ్య బంగాళాఖాతపు రేవులు తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు నరసాపురపు వడ్రంగుల, కమ్మరుల నైపుణ్యాన్ని మెచ్చుకుంటూ వ్రాశాడు. కలప, ఇనుము, పనివాళ్ళు ఒకేచోట చౌకగా దొరకడంవల్ల ఇంగ్లీషు వర్తకులు ఇక్కడ తమ ఓడలను కట్టించుకునేవారు, మరమ్మతు చేయించుకునేవారు. మన సముద్రాలమీద తెల్లవారు తిరిగిన ఓడలలో కొన్ని మన వడ్రంగుల ఉలిదెబ్బలతో తయారయినవేనన్నమాట. సమీపాననే పాలకొల్లులో డచ్చివారి వర్తకస్థానం వుండేది. ఇంగ్లీషువారు మాధవాయిపాలెంలో కొట్లు పెట్టుకున్నారు. గోల్కొండ ప్రభుత్వం వున్నంతకాలం ఈ వర్తకులు ఒకరితో ఒకరు పోటీపడి గుడ్డ కొనవలసివచ్చేది. వారికి వెండి కావలసినంత వుంది. కాని శాసించే అధికారం లేదు.

ఇక్కడ ఒక సిద్ధాంత విషయాన్ని ముచ్చటించక తప్పదు. 1853లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్ పత్రికకు వ్రాసిన వ్యాసాలలో మార్క్స్, భారతదేశపు గ్రామం తనలో తాను ముడుచుకున్న స్వయంపోషక సమాజమని, ఇంగ్లీషు ఆవిరి యంత్రమూ ఇంగ్లీషు వర్తకమూ దాని మగ్గాన్నీ రాట్నాన్నీ విరగ్గొట్టాయనీ చెప్పాడు. విధ్వంసాన్ని గురించి ఆయన చెప్పినది అక్షరాలా నిజం. కాని వశిష్ఠ గోదావరి తీరం స్వయంపోషక గ్రామాల చిత్రంలో ఇమడదు. ఇక్కడి దేవాంగుల, పద్మశాలీల మగ్గాలు మాంచెస్టరు మిల్లులు పుట్టకముందే దూరదేశాల అంగళ్ళకోసం ఆడుతున్నవి. ముతకగుడ్డ నేసే మాల కుటుంబాలున్నాయి. ఆ మగ్గాలన్నిటికీ నూలు వడికి ఇచ్చినది అన్ని కులాల పేద స్త్రీలు, ముఖ్యంగా ఆధారంలేని వితంతువులు. అంటే ఇంగ్లీషువారు ఈ ప్రాంతానికి ప్రపంచ మార్కెట్టును తెచ్చిపెట్టలేదు. ఆ మార్కెట్టు అంతకుముందే వుంది. వారు తెచ్చినది వేరు: మార్కెట్టులో బేరమాడే హక్కును పనివానినుంచి లాగివేయడం.

ఆ లాగివేత అధికారంతోపాటు వచ్చింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాతోను, 1766లో నిజాముతో చేసుకున్న ఒప్పందంతోను ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలో పడ్డాయి. గుడ్డ కొనేవాడే పన్ను వసూలుచేసేవాడూ, న్యాయం తీర్చేవాడూ అయ్యాడు. గోదావరి డెల్టాలో కంపెనీకి మూడు వర్తక ఏజెన్సీలు వుండేవి: మాధవాయిపాలెం, బండమూర్లంక, ఇంజరం. మూడింటిలో ముఖ్యమైనది మాధవాయిపాలెం. బయానా పద్ధతి పాతదే. కాని పూర్వం బయానా తీసుకున్న నేతగాడు వేరొకడు మంచి ధర ఇస్తే ఆ సొమ్ము తిరిగియిచ్చి తన గుడ్డను అతనికి అమ్ముకోగలిగేవాడు. ఇప్పుడు బయానా సంకెల అయింది. ధరను ఏజెంటు నిర్ణయిస్తాడు. గుడ్డ నాణ్యాన్ని ఏజెంటే తేలుస్తాడు. గడువు దాటితే నేతగాని గుమ్మంలో కంపెనీ బంట్రోతు కూర్చుంటాడు, వాని బత్తెం కూడా నేతగాడే పెట్టుకోవాలి. పద్దెనిమిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో సర్కారు జిల్లాల నేతగాళ్ళు ఈ నిర్బంధానికి ఎదురుతిరిగారు. మగ్గాలు ఆపారు, గుంపులు గుంపులుగా ఫిర్యాదులకు కదిలారు. వారికి ఏ సిద్ధాంతమూ తెలియదు. కాని గుడ్డ తమది, ధర మాత్రం ఇంకొకడిది అయిందన్న సంగతి బాగా తెలుసు.

తరువాతి ఘట్టం మరింత దారుణమైనది. 1813లో కంపెనీకి భారతదేశపు వర్తకంమీద వున్న గుత్తహక్కు పోయింది. 1833 చట్టంతో కంపెనీ వర్తకమే ముగిసింది. మాధవాయిపాలెం ఏజెన్సీ మూతపడింది. మిల్లు నూలు, మిల్లు గుడ్డ రేవులలో దిగుతున్నాయి. అర్ధశతాబ్దంపాటు ఒకే ఒక కొనుగోలుదారుకు కట్టుబానిసను చేసిన నేతగాణ్ణి ఆ కొనుగోలుదారు ఒక సంతకంతో వదలివేశాడు. మొదట రాట్నం ఆగింది, తరువాత మగ్గం. దీనికి తోడు వరదలు, తుఫానులు, 1832–33 నాటి నందన కరువు. 1821లో 7,38,308 వున్న రాజమహేంద్రవరం జిల్లా జనాభా 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో ప్రతి నలుగురిలో ఒకరు, దాదాపుగా, లెక్కలోనుంచి మాయమయ్యారు. కొందరు చచ్చారు, కొందరు వలసపోయారు. ఈ పతనానికి కారణం ప్రకృతి ఒక్కటే అంటే నమ్మలేము. కరువు అంతకుముందూ వచ్చేది. కాని పంట పోయిననాడు మగ్గమో రాట్నమో గంజినీళ్ళు పోసేది. ఈసారి పొలమూ ఎండింది, మగ్గమూ ఎండింది.

ఇక పేరు సంగతి. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఒక చిన్న విషయాన్ని ఎంతో మామూలుగా నమోదుచేసింది: మడపొల్లం అనేది ఆనాడు ఇంగ్లండునుంచి భారతదేశానికి ఎగుమతి అయ్యే ముఖ్యమైన గుడ్డలలో ఒకటి! ఊరు పేరు ఇంగ్లండు మిల్లు బేళ్ళమీద ముద్రపడి, మన రేవులకే తిరిగివచ్చింది. ఊరి నేతగాని మనుమడు తన తాత నేసిన గుడ్డ పేరుగల గుడ్డను కాసులిచ్చి కొనుక్కోవలసివచ్చింది. వలసపాలన స్వభావాన్ని వివరించడానికి వంద పేజీల గ్రంథం అక్కరలేదు. ఈ ఒక్క పదం చాలు. పేరును దొంగిలించడం సులభం. పేరు వెనక వున్న నైపుణ్యాన్ని నేర్చి, యంత్రానికెక్కించి, ఆ పేరును బేలుకు అంటించితే సరిపోతుంది. చెయ్యి మాత్రం గట్టున మిగిలిపోతుంది.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా ముఖాన్నే మార్చివేసింది. కాలువలు నరసాపురం దాకా నీళ్ళనూ పడవలనూ తెచ్చాయి. కరువు సీమ ధాన్యాగారమయింది. ఈ మేలును కాదనడం చరిత్రను కాదనడమే. కాని నీరు పారినది పొలానికి, పొలం వున్నవానికి. మగ్గం పోయినవాడు ఆ పొలంలో కూలి అయ్యాడు. సర్కారుకు శిస్తు పెరిగింది, భూస్వామికి గరిసెలు నిండాయి, కూలికి పని దొరికింది. ఊరి మొగం నదినుంచి కాలువవైపుకు, సముద్రంనుంచి వరిచేనువైపుకు తిరిగింది. మొగలో ఇసుక మేట, పెరుగుతున్న ఓడల పరిమాణం, తరువాత రైలు – ఇవన్నీ కలిసి పాత రేవును నిద్రపుచ్చాయి.

రేవు నిద్రపోయినా ప్రపంచ మార్కెట్టు నరసాపురాన్ని విడిచిపెట్టలేదు. మరొక వాకిట్లోనుంచి లోపలికి వచ్చింది. 1836లో భారతదేశానికి వచ్చిన ఇంగ్లీషు మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లులలో గోదావరి డెల్టా మిషన్‌ను నెలకొల్పారు. పందొమ్మిదవ శతాబ్ది నడిమికాలంలో ఈ ప్రాంతపు మిషనరీ స్త్రీలు, క్రైస్తవమతంలో చేరిన మాల, మాదిగ స్త్రీలకు కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారు. కరువులో తిండిలేనివారికి ఒక ఆధారం చూపాలన్నది వారి ఉద్దేశం. అల్లిన లేసు బ్రిటనులోని పరిచయస్తులకు పోయేది. వచ్చిన సొమ్ము ఇక్కడికి చేరేది. ఉద్దేశం దయాపూరితమే కావచ్చు. కాని దృశ్యాన్ని ఒక్కసారి నిలిపి చూడండి. ముతకగుడ్డ నేసి బ్రతికిన కులం, నూలు వడికి బ్రతికిన స్త్రీలు. మిల్లు వారి చేతినుంచి కదురును లాగివేసింది. ఆ చేతిలోనే ఇప్పుడు సూది పెట్టారు. పూర్వం ఆమె తన నూలును తానే వడికేది. ఇప్పుడు మిల్లులో వడికిన దారం ఆమె గుమ్మంలోకి వస్తుంది, అల్లికయి తిరిగిపోతుంది. దారమూ ఆమెది కాదు, అంగడీ ఆమెది కాదు.

ఇరవయ్యవ శతాబ్దంలో లేసు దానధర్మాల హద్దు దాటి పూర్తిగా వర్తకమయింది. ఎగుమతి వర్తకులు పుట్టారు. అల్లిక కాపు కుటుంబాలలోని పేద ఇళ్ళకు వ్యాపించింది. ఇక్కడ మన సమాజపు కులవ్యవస్థ పెట్టుబడికి చేసిన సేవను గమనించాలి. కాపు స్త్రీ గోషా పాటించాలి. పొలానికి కూలికి పోతే ఇంటి పరువు పోతుంది. పురుగు పుట్రా తినగా మిగిలిన అరెకరం భూమితో సంసారం సాగదు. అటువంటి ఇంటికి లేసు దేవుడిచ్చిన వరంలాగా వచ్చింది: గడప దాటనక్కరలేదు, కూలిదన్న మాట పడనక్కరలేదు. ఆమె చేసేది పని కాదు, కాలక్షేపం! కాలక్షేపానికి కూలి ఏమిటి? వర్తకునికి కావలసిన వాదం సరిగ్గా ఇదే. గోషా ఆమె మర్యాదను కాపాడిందో లేదో గాని వర్తకుని లాభాన్ని భద్రంగా కాపాడింది.

పని జరిగే తీరు చూడండి. వర్తకుడు దారపు కట్టలను ఏజెంటుకిస్తాడు. ఏజెంటు ఇల్లిల్లూ తిరిగి పంచుతాడు. ఒక ఇంటి స్త్రీ పువ్వులు మాత్రమే అల్లుతుంది. దీనిని చేతిపని అంటారు. ఆ పువ్వులు మరొక ఇంటికి పోతాయి, అక్కడ వాటిని కలిపి బల్లగుడ్డగానో పరుపుమీది దుప్పటిగానో చేస్తారు, ఇది అతుకుపని. కూలి గంటకు కాదు, రోజుకు కాదు. అల్లిన దారపు కట్టకు. ఫాక్టరీలో వున్నంత శ్రమవిభజన ఇక్కడ వుంది. ఫాక్టరీ మాత్రం లేదు. గోడ లేదు, గంట లేదు, హాజరుపట్టీ లేదు. పువ్వు అల్లిన స్త్రీకి అతుకువేసిన స్త్రీ ఎవరో తెలియదు. ఇద్దరూ కలుసుకునే చోటు ఏజెంటు సంచి ఒక్కటే. పనివాళ్ళు ఒకరినొకరు ఎరుగనంతకాలం సంఘం ఎట్లా పుడుతుంది? దీపం కింద కూర్చుని కళ్ళు పాడుచేసుకునే ఖర్చు ఆమెది. ఇంటి అద్దె, దీపపు ఖర్చు, రోగం రొష్టు ఆమెవి. సరుకు అమ్ముడుపోనినాడు దారం రాదు, అంతే. వర్తకునికి ఇంతకంటె చౌకయిన కార్ఖానా భూప్రపంచంలో మరొకటి వుండదు.

ఈ వ్యవస్థను మొదటిసారి లోతుగా పరిశీలించినది జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. 1970ల చివరలో నరసాపురం పరిసర గ్రామాలలో వుండి, 1982లో ఇంగ్లీషులో తన గ్రంథాన్ని ప్రచురించింది. లక్షకు పైబడిన స్త్రీలు లేసుమీద ఆధారపడి వున్నారని ఆమె అంచనా. ఇంటి చాకిరీ కాక రోజుకు 6 నుంచి 8 గంటలు వారు అల్లుతున్నారు. సంపాదన మాత్రం పొలంలో కలుపుతీసే కూలిస్త్రీకి వచ్చేదానికంటె తక్కువ. వ్యవసాయకూలీ స్త్రీ బయటకు పోతుంది, పదిమందితో కలిసి పనిచేస్తుంది, కూలిని గురించి నోరు విప్పి గట్టిగా మాట్లాడుతుంది. లేసుస్త్రీ తాను ఆమెకంటె పైదాన్ననుకుంటుంది, ఆమెకంటె తక్కువకు పనిచేస్తుంది. కులం ఇచ్చిన పై మెట్టు వర్గం ఇచ్చిన కింది మెట్టును కప్పివేసింది. ఇక ఏజెంట్లుగా, వర్తకులుగా, ఎగుమతిదారులుగా ఎదిగినవారు దాదాపు అందరూ పురుషులే. సూది పట్టనివాడు సరుకుకు యజమాని అయ్యాడు.

దీనికి రెండు సమాధానాలు వినిపిస్తూ వుంటాయి. ఏమీ లేనిదానికంటె ఇది నయం కాదా అన్నది మొదటిది. వర్తకుడు లేకపోతే మార్కెట్టు ఎక్కడినుంచి వస్తుంది అన్నది రెండవది. మొదటిదానికి జవాబు కష్టం కాదు. ఏమీ లేని స్థితి ఆకాశంనుంచి ఊడిపడలేదు. మగ్గమూ రాట్నమూ పోవడంవల్ల, భూమి కొందరి చేతిలో చేరడంవల్ల ఏర్పడింది. రెండవదానిలో కొంత నిజం వుంది. దూరదేశపు కొనుగోలుదారుని అభిరుచి, కొలత, గడువు తెలిసినవాడు కావాలి. కాని ఆ పని చేసినందుకు ఫలితంలో అధికభాగం పొందే హక్కు అతనికి ఎవరిచ్చారు? పైగా ఈ ప్రాంతంలో స్త్రీలు సహకార సంఘాలుగా ఏర్పడి లేసును తయారుచేసి అమ్మిన అనుభవం కూడా వుంది. మార్కెట్టు వర్తకుని పేగుబంధం కాదు. నేర్చుకుంటే పట్టుబడే విద్యే.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. 1999 నాటి చట్టం ప్రకారం, ఈ పేరును ఈ ప్రాంతంలో తయారయిన సరుకుకు తప్ప వేరొకదానికి వాడరాదు. ఈ చట్టం రెండువందల ఏళ్ళ క్రితం వుండివుంటే మాంచెస్టరు బేలుమీద మాధవాయిపాలెం పేరు పడేది కాదు. చైనా యంత్రపు లేసు చేతిలేసును అంగళ్ళనుంచి తరుముతున్న ఈ రోజులలో ఆ రక్షణ చిన్నది కాదు. దానిని మనం ఆహ్వానించాలి. కాని అది దేనికి రక్షణ? పేరుకు. పేరువల్ల పెరిగిన ధరలో అల్లినదాని వాటా ఎంతో ఆ చట్టం చెప్పదు, చెప్పలేదు. మాధవాయిపాలెం నేతగాడు పేరు పోకముందే, అంటే ఆ పేరు ఐరోపా అంగళ్ళలో వెలిగిపోతున్న కాలంలోనే, గుమ్మంలో బంట్రోతును భరించాడని మరువరాదు. పేరు పదిలంగా వున్నంతమాత్రాన చెయ్యి పదిలంగా వుండదు.

కాబట్టి అడగవలసినది పేరుకంటె ముందున్న హక్కు. ఇంట్లో కూర్చుని అల్లినా అది శ్రమేనని, అల్లినది శ్రామికురాలేనని ఒప్పుకోవాలి. జనాభా లెక్కలవాడు వచ్చినప్పుడు 'మా ఆడవాళ్ళు ఏ పనీ చెయ్యరండీ' అని ఇంటాయన చెప్పే జవాబు కాగితంమీద ఎక్కకూడదు. దారపు కట్ట కూలిని, అది అల్లడానికి పట్టే గంటలతో భాగించి, కనీస వేతనంతో పోల్చాలి. ఇంటిదగ్గర పనిచేసే శ్రామికులను ఇతర శ్రామికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒడంబడికను చేసింది. భారతదేశం దానిని ఇంతవరకు ధ్రువీకరించలేదు. ఎందుకు ధ్రువీకరించలేదని అడగడం కార్మిక సంఘాల పనే కాదు, అధ్యాపకుల పని, విద్యార్థుల పని కూడా.

మూడున్నర శతాబ్దాలలో నరసాపురంలో ఎన్నో మారాయి. ఓడ పోయింది, పంటు మిగిలింది. మగ్గం పోయింది, సూది వచ్చింది. గోల్కొండ పోయింది, కంపెనీ పోయింది, సామ్రాజ్యమే పోయింది. మారనిది ఒక్కటి: సొమ్మునో దారాన్నో ముందుగా ఇచ్చి, ధరను తానే కట్టి, సరుకును పట్టుకుపోయేవానికీ, ఇంట్లో కూర్చుని తయారుచేసేవారికీ మధ్య వున్న సంబంధం. ఆనాటి బయానాకూ ఈనాటి దారపు కట్టకూ తేడా బంట్రోతు లేకపోవడమే. ఇప్పుడు ఆ బంట్రోతు పనిని పరువు చేస్తున్నది. ఆ సంబంధం మారిననాడు నరసాపురం కొత్త చరిత్ర మొదలవుతుంది. అంతవరకు నరసాపురం చరిత్ర వ్రాయబూనినవారు గుడి గోపురాన్నీ, దొరల సమాధులనూ చూచిన తరువాత, ఒక మధ్యాహ్నం వీధి అరుగులవైపు కూడా చూడాలి. తలవంచుకుని పువ్వు మీద పువ్వు అల్లుకుపోతున్న ఆ స్త్రీల చేతులలోనే ఈ ఊరి చరిత్ర వున్నది.